శివరాత్రి నడక, ఉగాది మజ్జిగ

శ్రీశైలం నుంచి ఇంటికొచ్చి ఆరు రోజులైంది. మడమ మీద పొక్కు ఇప్పుడిప్పుడే ఎండుతోంది. చెప్పులకు అంటిన నల్లమల ఎర్రమట్టి ఇంకా అలాగే ఉంది, దులపబుద్ధి కాలేదు. పోయిన వాళ్లంతా తిరిగొచ్చారు కాబట్టి ఊళ్లో ఏ అరుగు మీద చూసినా అవే కబుర్లు. ఎవరు ఎక్కడ పడుకున్నారు, ఎవరికి ఎక్కడ కాలు పట్టేసింది, ఏ ఊరివాళ్లు పెట్టిన చిత్రాన్నం బాగుంది, దర్శనానికి ఎన్ని గంటలు నిలబడ్డారు. నా వంతు కబుర్లు ఇక్కడ చెప్పుకుంటాను.

మాది నందికొట్కూరు నుంచి ఆత్మకూరు పోయే దారిలో ఒక పల్లె. మల్లన్న దగ్గరికి నడిచిపోయేవాళ్లు మా ఊరి మీదుగానే పోతారు. చిన్నప్పటి నుంచి వాళ్లను చూస్తూ పెరిగినదాన్నే గాని, నేను నడవడం ఇదే మొదలు. మొత్తం ఐదుగురం. ముప్పయ్యేళ్లుగా ఏడాది తప్పకుండా నడుస్తున్న మా పెదనాయన, మా వదిన, డిగ్రీ చదువుతున్న మా చిన్నాయన కొడుకు, నేను, ఎదురింటి అవ్వ. అవ్వకు డెబ్బైకి రెండో మూడో తక్కువ. ఇంట్లోవాళ్లు బస్సులో పొమ్మని ఎంత చెప్పినా వినలేదు. "బస్సులో పోతే గుడి కనపడుతుందిరా, కొండ కనపడదు" అంది.

మాఘ బహుళ దశమినాడు తెల్లవారుజామున బయలుదేరాం. మూటలో ఏముండాలో పెదనాయనే చెప్పాడు. ఒక దుప్పటి, ఒక జత బట్టలు, టార్చి, సీసాలో ఆముదం, ఉప్పు పొట్లం, జొన్నరొట్టెలు, శెనక్కాయ పొడి, వేయించిన బుడ్డలు, బెల్లం. అంతకు మించి ఏది పెట్టినా తీసి బయట పడేశాడు. మొదటిరోజు బరువు మూడోరోజుకు రెండింతలవుతుందట. ఆముదం రాత్రి పడుకునే ముందు పాదాలకు రాసుకోవడానికి, ఉప్పు వేణ్నీళ్లలో వేసి కాళ్లు పెట్టుకోవడానికి. వేణ్నీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగితే, "దొరుకుతాయిలేమ్మా" అన్నాడు. దొరికాయి. నాలుగు రోజుల్లో మేం అడక్కుండానే దొరికినవి ఇంకా చాలా ఉన్నాయి.

నడిచే వరస కూడా ఆయనే పెట్టాడు. అందరికంటే ముందు అవ్వ, ఆ వెనక మేం నలుగురం. అవ్వను వెనక పెడితే వెనకబడిపోతుంది, ముందు పెడితే మనమే ఆమె వెంట పోతాం అన్నాడు. మా తమ్ముడికి మొదటిపూట ఆ నడక ఏమాత్రం సరిపడలేదు. నాలుగడుగులు ముందుకు పరిగెత్తి, ఆగి, మళ్లీ వెనక్కి వచ్చేవాడు. మూడోరోజు పొద్దుటికి వాడి కాళ్లు కూడా అవ్వ కాళ్ల లెక్కకే వచ్చేశాయి.

ఆత్మకూరు దాకా తారు రోడ్డు. కొత్తగా నడిచేవాళ్లకు కష్టం ఇక్కడే, అడవిలో కాదు. తారు మీద పాదం ఒకేలా పడుతుంది, పొక్కులు అందుకే వస్తాయి. ఆ రాత్రి ఆత్మకూరులో ఒక షామియానా కింద పడుకున్నాం. మరునాడు వెంకటాపురం దాటగానే రోడ్డు అయిపోయి అడవి మొదలైంది. అక్కడి నుంచి శ్రీశైలం దాకా నలభై కిలోమీటర్ల పైచిలుకు నల్లమలే. ఇది పెద్దపులుల అడవి. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం మన దేశంలో అతి పెద్దది అంటారు. మామూలు రోజుల్లో ఈ దారిన మనుషుల్ని పోనివ్వరు. శివరాత్రికి, ఉగాదికి మాత్రం తెరుస్తారు.

అడవి ఈ నెలలో చూడాల్సిందే. ఆకు సగం రాలిపోయి లోపలిదాకా వెలుతురు పడుతోంది. మోదుగ పూసింది, బూరుగ పూసింది. ఒక్క ఆకు కూడా లేని కొమ్మల చివర అరచేయంత పసుపుపచ్చ పూలతో కొండగోగు నిలబడి ఉంది. ఎండుటాకుల మీద వేలమంది నడుస్తుంటే ఆ చప్పుడు వాన కురిసినట్టే ఉంటుంది. ఆ చప్పుడు మధ్య ఎక్కడో ఒకరు "ఓం నమఃశివాయ" అంటే, కొండ మలుపు అవతల కనపడని వాళ్లెవరో అందుకుంటారు. ఇంకొకరు "చేదుకో మల్లన్నా" అంటారు. చేదుకోవడమంటే బావిలోంచి నీళ్లు తోడినట్టు పైకి లాక్కోవడమే. కొండ ఎక్కేవాళ్లకు అంతకన్నా పనికొచ్చే మాట ఇంకోటి లేదని మొదటి ఎత్తు ఎక్కేసరికే నాకు తెలిసింది.

రెండో రాత్రి నాగలూటిలో, వీరభద్రస్వామి గుడి దగ్గర. ఆ చుట్టుపక్కల నుంచి పాత రాతిమెట్లు కనబడతాయి. కొన్నిచోట్ల వరసగా ఉంటాయి, కొన్నిచోట్ల మట్టిలో కలిసిపోయి మళ్లీ తేలతాయి. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడని శాసనాలు చెబుతున్నాయి. ఎర్రన హరివంశం అంకితం పుచ్చుకున్న రాజు ఆయనే. రాజ్యం ఉన్నన్నాళ్లూ యుద్ధాలే చేయాల్సివచ్చిన మనిషి కొండ మీద నడిచే బీదాబిక్కీ మోకాళ్ల గురించి ఆలోచించాడంటే నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఆయన కొడుకు అనవేమారెడ్డి 1377లో శ్రీశైలం గుడిలో వీరశిరోమండపం కట్టించాడు. గుడిలో మండపం గొప్పదే. అయినా నాకు నాన్న కట్టించిన మెట్లే దగ్గరగా అనిపించాయి. ఒక మెట్టు మీద కూర్చుని చూస్తే నడుమంతా పళ్లెంలా గుంట పడి ఉంది. ఉలి చేసిన పని కాదు అది. పాదాలు అరగదీసింది. అవ్వ ఆ గుంటలో చెయ్యి పెట్టి నిమిరింది, కళ్లకు అద్దుకుంది, లేచి నడిచింది.

ఈ దారిన ఎంతమంది పోయారో తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. పన్నెండో శతాబ్దంలో కన్నడదేశం నుంచి అక్కమహాదేవి ఒంటరిగా మల్లికార్జునుణ్ని వెతుక్కుంటూ ఈ కొండలకే వచ్చింది. పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగమంతా ఈ కొండకే ఇచ్చాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, పర్వత పదాలు అంటూ జనం పాడుకునే పాటల పేర్లు మనకు దొరికింది కూడా ఆ పుస్తకంలోనే. శివాజీ 1677లో శ్రీశైలం వచ్చాడు. 1830లో చెన్నపట్నం నుంచి పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మధ్యలో ఈ కొండ ఎక్కే పోయాడు. మేం నిద్ర చేసిన నాగలూటి, పెచ్చెరువు, మేం దిగి ఎక్కిన భీముని కొలను ఆయన కాశీయాత్ర చరిత్రలో ఉన్నాయి. మా తమ్ముడికి ఈ సంగతి చెబితే, "అప్పుడూ కాళ్లు ఇట్లాగే నొప్పి పుట్టుంటాయా అక్కా?" అన్నాడు. పుట్టకుండా ఎలా ఉంటాయి!

మూడో రాత్రి పెచ్చెరువులో గడిచింది. అసలు మాట చెప్పాలంటే ఈ రాత్రి గురించే చెప్పాలి. చెరువు పక్కన ఖాళీ జాగా అంతా జనం. ఒక ఊరివాళ్లు ట్రాక్టర్ల మీద బియ్యం, కట్టెలు, పెద్ద పెద్ద గుండిగలు తెచ్చి మూడు రోజులుగా వండుతూనే ఉన్నారు. అన్నం, సాంబారు, పల్చటి మజ్జిగ. వరసలో మా వంతు వచ్చేసరికి అన్నం అయిపోయింది. వడ్డించే అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకుని, "పది నిమిషాలు కూర్చోండక్కా, ఎసరు మరుగుతోంది" అన్నాడు. వాడి చేతులు మోచేతుల దాకా ఎర్రగా కమిలి ఉన్నాయి. నిద్రపోయి ఎన్ని గంటలైందని అడిగితే లెక్క చెప్పలేకపోయాడు. పొద్దున్నే ఆ గుండిగలు తోముతున్నదీ వాడే.

వేణ్నీళ్లు దొరికింది కూడా ఇక్కడే. గుండిగ దించాక నిప్పుల మీద ఒక డబ్బా నీళ్లు పెట్టి, ఒకావిడ దారినపోయేవాళ్లను పిలిచి మరీ పోస్తోంది. పత్తికొండ దగ్గరి ఊరట. ఇంటి నుంచి ఏదీ మోసుకురాలేనని ఈ పని పెట్టుకుందట. అవ్వ పాదాలు రెండూ ఆ నీళ్లలో పెట్టించి, ఉప్పు వేసి, వేలి సందులు కూడా తనే తోమింది. అవ్వ వద్దు వద్దంటూనే కళ్లు మూసుకుంది.

శివరాత్రి నడకకు వెన్నెల సాయం ఉండదు. అర్ధరాత్రి లేచి చూస్తే ఆకాశమంతా చుక్కలే. చెరువు అవతల ఎక్కడో జింక అరిచింది. నాలుగు గంటలు దాటాక కొండ అంచున కొడవలిలాగా సన్నటి నెలవంక వచ్చింది. ఆ వెలుతురులోనే మూటలు కట్టుకున్నాం.

పెచ్చెరువులో చెంచుగూడెం ఉంది. మల్లన్నను చెంచులు చెంచు మల్లయ్య అంటారు, అల్లుడంటారు. గూడెంలో ఒక పెద్దాయన విల్లు పక్కన పెట్టుకుని రాతి మీద కూర్చుని మా జనాన్ని చూస్తున్నాడు. పలకరిస్తే తేనె, బంక గురించి చెప్పాడు. చెట్టుకు ఎంత గాటు పెడితే బంక కారుతుందో, ఎంత పెడితే చెట్టు చచ్చిపోతుందో చూపుడువేలు మీద బొటనవేలుతో కొలిచి చూపించాడు. గోరంత తేడా. ఇప్పపూలు ఉగాది ముందు నుంచి రాలతాయట, అప్పుడు ఎలుగులు వస్తాయి, తెల్లారకముందు మేం పోమని చెప్పాడు. మనం ఏడాదికి నాలుగు రోజులు వచ్చి పోయే అడవి ఆయనకు ఇల్లు.

అందుకే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్లాస్టిక్ తేవద్దని దారి మొదట్లోనే బోర్డులు ఉన్నాయి, చెకింగు ఉంది. అయినా మఠంబావి దాకా దారికి రెండు పక్కలా నీళ్ల ప్యాకెట్లు, బిస్కెట్ల కాగితాలు. ఒక కొండముచ్చు పిల్ల ఖాళీ ప్యాకెట్టును రెండు చేతులా పట్టుకుని చీకుతూ ఉంది. తల్లి పక్కనే ఉంది, దానికీ తెలియదు. చూస్తుంటే గుండె తరుక్కుపోయింది. నలభై ఒక్కరోజులు దీక్ష పట్టి, నేల మీద పడుకుని, చెప్పులు కూడా లేకుండా నడిచేవాళ్లున్న జనం మనం, తాగిన ప్యాకెట్టు మడిచి సంచిలో పెట్టుకోలేమా? మా తమ్ముడు ఒక గోనెసంచి సంపాదించి మఠంబావి నుంచి ఏరడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఎవరో తెలియని పిల్లలు నలుగురు కలిశారు. సంచి నిండింది, అడవి ఖాళీ కాలేదు. వచ్చే ఏడాది మా ఊరి నుంచి ఇంటికొక చెంబు, ఇంటికొక గుడ్డసంచి అని ఇప్పుడే అనుకున్నాం.

భీముని కొలను దగ్గర లోయలోకి దిగుడు. ద్రౌపదికి దాహమైతే భీముడు గదతో కొట్టి నీళ్లు రప్పించిన చోటు అంటారు. దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతాయి, అవతల ఎక్కేటప్పుడు ఊపిరి అందదు. దిగుడులోనే మా వదిన కాలు మడతపడింది. కళ్ల ముందే చీలమండ ఉబ్బిపోయింది. మా వెనక దీక్షలో ఉన్న స్వాములు గుత్తి వైపు నుంచి వస్తున్నారు. అందులో ఒకాయన తలమీది జ్యోతిర్ముడి దించకుండానే కూర్చుని, భుజం మీది తుండు తీసి, చీలమండ చుట్టూ ఎనిమిది అంకెలాగా వేసి బిగించాడు. అరికాలు కింద నుంచి, మడమ వెనక నుంచి, మళ్లీ పైకి. వేళ్లు కదిలించమని చూసి, రంగు మారలేదని చూసి, అప్పుడు ముడి వేశాడు. వదిన మూట ఒకరు తీసుకున్నారు, ఇంకొకరు తన చేతికర్ర ఇచ్చేశారు. కైలాసద్వారం దాకా ఒక్కో మెట్టూ పక్కనే నడిచారు. మధ్యలో ఆయన "ఏ ఊరు తల్లీ మీది?" అని అడిగాడు. చెప్పాను. "ఓ, ఉగాదికి కన్నడోళ్లు పోయే దారి కదా!" అని, "ఎండలు ముదురుతాయి అప్పటికి, పాపం" అన్నాడు. తనే చెప్పుల్లేకుండా నడుస్తూ, వచ్చే నెల నడవబోయే వాళ్ల మీద జాలి పడ్డాడు. తుండు వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు.

కైలాసద్వారం చేరేసరికి పొద్దు వాలింది. రాతి మీద రాయి పేర్చి చిన్న చిన్న గూళ్లు కట్టినవాళ్లు ఎందరో. సొంతిల్లు కావాలని మొక్కుకునేవాళ్లు అలా కడతారు. అవ్వ కూడా మూడు రాళ్లు పేర్చింది. తనకు ఇల్లుంది కదా అంటే, మనవరాలికట. అక్కడి నుంచి హఠకేశ్వరం. అటికెలో, అంటే కుండలో వెలిసిన దేవుడు కాబట్టి అటికేశ్వరం అనేవాళ్లు, పలుకుతూ పలుకుతూ అలా మారిందని చెబుతారు. సాక్షిగణపతి దగ్గర ఆగకుండా పోకూడదు. చేతిలో ఘంటం, పుస్తకం పట్టుకుని వచ్చినవాళ్ల పద్దు రాస్తాడు. అవ్వ ఆయన ముందు నిలబడి మా ఐదుగురి పేర్లూ గోత్రాలూ వినపడేలా చెప్పింది. వదిన పేరు చెప్పేటప్పుడు "కాలు నొప్పితో నడిచింది, అదీ రాసుకో సామీ" అంది.

దర్శనం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆ రద్దీలో లింగాన్ని తాకనివ్వరు, దూరం నుంచే చూడాలి. గంటల తరబడి క్యూ, ఒక్క క్షణం చూపు. ఆ ఒక్క క్షణానికి నేను ఏమీ కోరుకోలేదు, కోరుకోవాలని గుర్తు రాలేదు. తర్వాత వృద్ధ మల్లికార్జునుడి దగ్గర మాత్రం ఎక్కువసేపు నిలబడగలిగాను. లింగం మీద ముడతలు ఉంటాయి, ముసలి మల్లన్న అంటారు.

శివరాత్రి రాత్రి చూసింది మాత్రం విడిగా చెప్పాలి. చీరాల దగ్గర హస్తినాపురంలో ఒక దేవాంగుల కుటుంబం ఏడాది పొడుగునా రోజుకొక మూర చొప్పున మల్లన్నకు తలపాగా నేస్తుంది. లింగోద్భవ సమయానికి గుడిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. ఆ నేతగాడు ఒంటి మీద నూలుపోగు లేకుండా గర్భాలయ శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల దాకా ఆ పాగాను చుట్టి అలంకరిస్తాడు. అంత జనమూ చీకట్లో ఎదురుచూస్తుంది. దీపాలు వెలిగాక తెల్లటి పాగాతో గుడి పెళ్లికొడుకులాగా ఉంది. 365 రోజుల మగ్గం పని ఒక్క చీకటి గంటలో చేరాల్సిన చోటికి చేరింది. మా వదిన అమ్మగారివాళ్లు నేతవాళ్లే, ఎమ్మిగనూరు. ఆమె తల ఎత్తి చూస్తూ ఏడ్చేసింది. "రోజుకో మూర అంటే ఒక్కరోజు జ్వరమొచ్చినా కుదరదు కదా" అంది.

ఇక రాబోయే రోజుల కబుర్లు. చైత్ర పౌర్ణమికి నల్లమలలోనే, కృష్ణ అవతలి ఒడ్డున, తెలంగాణలో సలేశ్వరం జాతర. అక్కడ లోయలోకి దిగి లింగమయ్యను చూడాలి, పూజలు చేసేది చెంచులే. పోయేటప్పుడు వస్తున్నామని, తిరిగేటప్పుడు పోతున్నామని లింగమయ్యకు కేకేసి చెబుతూ నడుస్తారట. మా తమ్ముడు అప్పుడే స్నేహితులతో లెక్కలు వేస్తున్నాడు. కాళ్లు మానకముందే వాడికి అడవి గాలి మళ్లీ సోకింది.

దానికంటే ముందు ఉగాది. కన్నడదేశం నుంచి, రాయచూరు, బాగలకోట, విజయపుర, ధారవాడ వైపుల నుంచి వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. మా నాలుగు రోజులు వాళ్ల లెక్కలో ఆఖరి నాలుగు రోజులు. భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. పుట్టింటివాళ్లు కాబట్టి చీరా గాజులూ పట్టుకొస్తారు. కొందరు భుజాన కావడిలాంటి కంబి మోస్తారు, కొందరు కర్రకాళ్ల మీద నడుస్తారు. చిన్నప్పుడు నేను గోడెక్కి చూసింది ఆ కర్రకాళ్ల వాళ్లనే.

మా ఊళ్లో వేపచెట్టు కింద వాళ్లకు మజ్జిగ పోయడం పెదనాయన వాళ్ల నాన్న కాలం నుంచీ ఉంది. ఇన్నాళ్లూ నేను గ్లాసులు కడిగిచ్చేదాన్ని, అంతే. ఈసారి పొయ్యి దగ్గరి పని నాది. ఒక డబ్బా వేణ్నీళ్లు, ఉప్పు, ఆముదం సీసా. పాత పంచెలు చింపి తుండుగుడ్డ వెడల్పున పట్టీలు చుట్టి పెట్టింది వదిన, ఇప్పటికే పందొమ్మిది అయ్యాయి. అవ్వ నిన్న మజ్జిగ కుండలు దించి, బూడిదతో తోమి, ఎండలో బోర్లించింది. మధ్యాహ్నం వచ్చి ఒక్కోదాన్నీ వేలితో కొట్టి చూసింది. ఒకటి బీటలిచ్చిందట. రేపు సంతలో ఇంకోటి కొనాలి.